రెండవ సాక్షి

2023వ సంవత్సరము జూను 29వ తేదీని భూమండలమున నాలుగు దిక్కులనుండి ఖగోళ శాస్త్రజ్ఞులు ఒక్కసారిగ ఒక వార్తను ప్రకటించిరి. ఉత్తర అమెరికావారిది యొక కూటమి. యూరపువారును భారతీయులును గలిసినది వేరొక కూటమి. ఆస్ట్రేలియావా రొకరు, చైనావా రొకరు. ఏండ్ల తరబడి అతి మందగతిని సాగు గురుత్వ తరంగముల జాడ తమ కొలతలలో గానవచ్చుచున్నదని ఆ వార్త సారాంశము. మరునాడు పత్రికలు పెక్కులు విశ్వనాదము వినబడెనని శీర్షికలు గట్టినవి. మూలపత్రములను చదివినవారికి మాత్రము ఒక మాట పంటిక్రింద రాయివలె తగులును. కనుగొంటిమని ఆ శాస్త్రజ్ఞులు వ్రాయలేదు. సాక్ష్యము లభించినదనియు, వెదకుచున్నామనియు మాత్రమే వ్రాసిరి. సాక్ష్యమునకును తీర్పునకును గల యంతరము కోర్టుల మెట్లెక్కిన మన భూస్వాములకు ఒకరు చెప్పవలసినది కాదు. అయినను ఆ సాక్ష్యమెట్టిది, దానిని సేకరించిన విధమెట్టిది యని విచారించుట అవసరము. ఏలయన అందులో మన దేశమునకును భాగము గలదు. మన దేశమున బహిరంగముగా మాటలాడువారు నేర్వదగిన సంయమమును గలదు.

ఒక గ్రామమున ఇద్దరు రైతులకు క్రోసెడు దూరమున రెండు బావులున్నవనుకొందము. ప్రతిదినము తెల్లవారగనే ఎవరి బావి నీటిమట్టమును వారు గొలిచి పుస్తకమున వ్రాసికొందురు. ఆ మట్టము ఏ రెండు దినములును ఒక్కతీరుగ నుండదు. ఒకనాడు మోటారు రేయింబవళ్లు నడచును. ఒకనాడు కరెంటే రాదు. ఒకనాడు పొరుగువాని తోటకు నీరు బదులిత్తురు. ఈ ఒడుదుడుకుల నడుమ, దూరముననున్న చెరువునుండి భూమిలోపలగా ఊట దిగుటవలన గలిగిన వ్రేలెడు హెచ్చు ఉన్నదో లేదో ఒక్క పుస్తకమును జూచి చెప్పుట ఎవరి తరము? కావున రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన బెట్టవలెను. ఏ బావి సగటు ఆ బావికి గట్టి, ఆ దినపు మట్టము సగటుకెంత పైన, ఎంత క్రింద యని గుర్తించి, ఆ రెండంకెలను గుణింపవలెను. రెండును హెచ్చైనను, రెండును తగ్గైనను లబ్ధము ధనము. ఒకటి హెచ్చై రెండవది తగ్గైనచో ఋణము. ఈ లబ్ధములను ఏడాది పొడవునను కూడుచు పోవలెను. ఈ రైతు మోటారు ఆ రైతు మోటారు నెరుగదు. కావున వానివలని హెచ్చుతగ్గులు ధనములును ఋణములునై తమలో తామే కొట్టుకొనిపోవును. ఉభయులకు నుమ్మడియైన ఊట భాగము మాత్రము ఎప్పుడును ధనమే. దినమునకు చిటికెడైనను అది పోగుపడుచుండును.

ఎంత వేగమున పోగుపడుననుటకు లెక్క గలదు. సంకేతము దినముల సంఖ్యతో పెరుగును; రొద ఆ సంఖ్య వర్గమూలముతో మాత్రమే పెరుగును. 100 దినములకు సంకేతము 100 రెట్లు, రొద 10 రెట్లు. 10,000 దినములకు సంకేతము 10,000 రెట్లు, రొద 100 రెట్లు. అనగా రొదకంటె ఎంతయో చిన్నదైన సంకేతమును గూడ ఓపికగలవాడు ఒకనాటికి పైకి దేగలడు. అయితే ఫలితము రెండింతలు నమ్మదగినది కావలెనన్నచో నాలుగింతల కాలము వేచియుండవలెను. ఊట ఒక బావికంటె రెండవ బావికి మూడు దినములు ఆలస్యముగ జేరునదైనచో ఒక పుస్తకపు తేదీలను మూడు దినములు జరిపి గుణింతురు. శాస్త్రజ్ఞులు క్రాస్ కోరిలేషన్ అను పని యింతియే. పరస్పర సహసంబంధమని మనము చెప్పుకొనవచ్చును.

తర్కము చదివినవారు వెంటనే కాకతాళీయ న్యాయమును జ్ఞాపకము చేయుదురు. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్క క్షణమున జరిగినంతమాత్రమున రెంటికిని సంబంధమున్నదా? శాస్త్రజ్ఞులీ శంకను త్రోసివేయలేదు. దానినే పనిముట్టుగ జేసికొనిరి. ఈ యేటి పుస్తకమును వెనుకటి యేటి పుస్తకముతో బుద్ధిపూర్వకముగ తప్పు జత గట్టి చూతురు. అట్టి తప్పు జతలలో నిజమైన ఊట పొత్తు ఉండదు. కాబట్టి అందు కనిపించిన కలయిక యంతయు కాకియు తాటిపండును. ఇట్లు వేలమారులు తప్పు జతలు గట్టి, ఎన్నిటిలో అసలు జతయంతటి పొత్తు తనంతట తానే వచ్చినదో లెక్కింతురు. ఆ లెక్కయే వారి విశ్వాసమునకు కొలమానము.

ఈ పద్ధతి ఆకాశ విద్యలో బలము పుంజుకొనిన కథలో మనవారి పేరొకటి గలదు. ఇంగ్లండున జోడ్రెల్ బ్యాంకు పరిశోధనాలయమున జెన్నిసన్ అను ఆంగ్లేయుడును, కలకత్తానుండి వెళ్లిన మృణాల్ కుమార్ దాస్ గుప్తాయును గలిసి, దూరదూరముగ నుంచిన రెండు రేడియో గ్రాహకముల యొడుదుడుకులను గుణించి చూచి, హంసరాశిలోని ఒక ప్రబలమైన రేడియో జనకము ఒకటి గాదు, రెండు ముక్కలని 1953లో వెల్లడించిరి. ఆ పద్ధతిని కల్పించిన హాన్‌బరీ బ్రౌన్ సయితము 1916లో మన పాత మద్రాసు రాజధానిలోని నీలగిరులందు అరువంకాడున జన్మించినవాడే. అతడు ట్విస్ అను గణితజ్ఞునితో గూడి ఆ పద్ధతినే వెలుతురునకును వర్తింపజేయబూనెను. సైన్యపు సెర్చిలైటు అద్దములను రెంటిని ఎరువు దెచ్చి, 1955-56 చలికాలమున లుబ్ధకమను నక్షత్రమువైపు త్రిప్పి, రెండద్దములపై బడు వెలుతురు మినుకులను గుణించెను. ఇంగ్లండు చలికాలపు మబ్బులలో నెలల తరబడి కాచుకొన్నను చిక్కినది మొత్తము 18 గంటల చూపు. అది చాలినది, లుబ్ధకపు బింబ పరిమాణము తేలినది. రెండు వేర్వేరు చోట్ల బడిన వెలుతురు కణములకు పొత్తుండుట అసంభవమని పెద్ద భౌతికులు కొందరు వాదించిరి. అతడు వాదమును కొంత సాగనిచ్చి, ఆస్ట్రేలియాలో నారబ్రై గ్రామమున 188 మీటర్ల వ్యాసముగల వలయాకారపు రైలుపట్టాలపై రెండు పెద్ద దర్పణములను నడిపించి, 1974 నాటికి 32 నక్షత్రముల బింబములను గొలిచి పుస్తకమున నెక్కించెను. వాదము దానంతట అదియే ముగిసినది.

ఇక 2023 నాటి వార్తకు వత్తము. 1967లో కేంబ్రిడ్జియందు పరిశోధక విద్యార్థినిగనున్న జోసెలిన్ బెల్, ఆకాశమునుండి వేళ తప్పక వచ్చు రేడియో స్పందములను గుర్తించినది. అవి పల్సారులు. సూర్యునికంటె బరువై యొక పట్టణమంత యిరుకున గుదించుకొనిపోయిన నక్షత్ర శేషములు. తిరుగుచు, సముద్రతీరపు దీపస్తంభమువలె తమ కిరణమును చుట్టును త్రిప్పుచుండును. 1982లో సెకండునకు 642 మారులు తిరుగు పల్సారు నొకదానిని కనుగొనిరి. ఆ బృందమున హుబ్లీలో చదువుకొనిన శ్రీనివాస కులకర్ణి గలడు. ఇట్టి వేగవంతములైన పల్సారుల నియమము మన అణుగడియారములకు దీటైనది. గురుత్వ తరంగము భూమిమీదుగ సాగునపుడు ఒక దిక్కు పల్సారుల స్పందములు కొంచెము ముందుగను, దానికి అడ్డుగనున్న దిక్కువి కొంచెము వెనుకగను రావలెను. కొంచెమనగా సెకండులో కోటియవ వంతు పాటి. ఆ మార్పును ఏండ్లమీద నెమ్మదిగ జరుగును. పల్సారు తన స్వభావముచేత గూడ అంత తడబడగలదు. కాబట్టి ఒక్క పల్సారు మాట చెల్లదు.

1983లో హెల్లింగ్సు, డౌన్సు అను నిద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు చేసిన లెక్క యిచ్చట ప్రాణము. నిజముగ తరంగములే కారణమైనచో, ఆకాశమున చేరువనున్న పల్సారుల జంట కలిసి కదలవలెను. జంటకు నడిమి కోణము పెరిగినకొలది పొత్తు తగ్గి, 50 డిగ్రీలకు కొంచెము లోపలనే సున్నయై, 80 డిగ్రీల ప్రాంతమున వ్యతిరేకమై, ఎదురెదురు దిక్కులనున్న జంటలకు మరల కొంత పొత్తు రావలెను. మన నైయాయికులు అన్వయ వ్యతిరేకములని చెప్పినది యిదియే గదా! కలియవలసినచోట కలియుటయేగాక, కలియరానిచోట కలియకపోవుటయు సాక్ష్యమే.

ఈ వక్రరేఖ లేకున్నచో ఎంతటి మోసము జరుగగలదో చూడుడు. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పినంతమాత్రమున నిజమనుకొనరాదు. ఇద్దరికిని నేర్పిన ప్లీడరు ఒక్కడే కావచ్చును. భూమిమీది ప్రామాణిక గడియారము పిసరంత తప్పినచో పల్సారులన్నియు ఒక్కతీరుగ తప్పును. గ్రహగణితము గట్టువారు బృహస్పతి స్థానమును పిసరంత తప్పుగ గట్టినచో, సౌరకుటుంబపు భారకేంద్రము జరిగి, ఒక దిక్కునివి ముందుకును ఎదుటి దిక్కునివి వెనుకకును దొర్లును. రెండును పొత్తులే, రెండును తరంగములు గావు. 2018లో అమెరికా కూటమివారు తమ 11 ఏండ్ల కొలతలను పరీక్షించినపుడు, వాడిన గ్రహగణితమును బట్టి ఫలితము మారుట గమనించి, ముందు ఆ దోషమును సవరించుకొనిరి. 2020లో 12½ ఏండ్ల కొలతలతో, 45 పల్సారులలో ఒకే పోలికగల మందమైన చలనము స్పష్టముగ గనబడినది. అది మునుపటి రొదవలె లేదు, వెదకుచున్నదానివలెనే యున్నది. అయినను జంటల నడుమ పొత్తు తేలలేదు. అంతటితో వారాగిరి. చేతికందినట్లున్న కీర్తిని, రెండవ సాక్షి రాలేదన్న కారణమున, మూడేండ్లు వాయిదా వేసికొనిరి. ఆ యేడు డిసెంబరు 1వ తేదీననే వారి ప్రధాన సాధనములలో నొకటియైన ప్యూర్టోరికోలోని అరెసిబో దూరదర్శిని కూలిపోయినది. సాక్షి గతించినను ఇచ్చిన వాఙ్మూలము కాగితములమీద మిగిలెను.

2023లో వారు 67 పల్సారుల 15 ఏండ్ల కొలతలను తీసికొనిరి. 67 పల్సారులకు జంటలు 2,211. వానినన్నిటిని గుణించి కోణమును బట్టి వరుస బెట్టగా హెల్లింగ్సు, డౌన్సులు గీసిన వంపు పైకి వచ్చినది. అది కాకతాళీయముగ వచ్చుటకు అవకాశమెంత? లెక్కించిన విధమును బట్టి 1,000కి 1 మొదలు 20,000కు 1 వరకు. సామాన్యునకిది చాలును. ఆ విద్యలో కనుగొంటిమని చెప్పుకొనుటకు విధించుకొనిన మేర మాత్రము సుమారు 35 లక్షలకు 1. కావుననే ఆ మాట వాడలేదు. యూరపు, భారత కూటమివారి నిజాయితీ యింకను మెచ్చదగినది. వారికి 25 పల్సారుల, ఇంచుమించు 25 ఏండ్ల కొలతలుండెను. పూర్తి కాలమును తీసికొన్నప్పటికంటె, క్రొత్త పరికరములు వచ్చిన చివరి 10 ఏండ్లను మాత్రము తీసికొన్నపుడే సాక్ష్యము బలముగ నున్నది. వ్యాజ్యమాడువాడైనచో తనకు బలహీనమైన కాగితమును దాచును. వీరు రెండు లెక్కలను ప్రక్కప్రక్కన అచ్చువేసిరి. ఈ తరంగములకు మూలము, గెలాక్సీల నడిబొడ్డున జంటలుగ దిరుగు మహాకృష్ణబిలములని పెక్కుర యూహ. సృష్ట్యాదినాటి యితర కారణములు గావచ్చునని మరికొందరి వాదము.

మన దేశపు వంతు ఎట్టిదనగా, పూనాకు ఉత్తరముగ నారాయణగావ్ సమీపమున ఖోడద్ అను పల్లెలో, గోవింద స్వరూప్ మహాశయుని సంకల్పమున, టాటా పరిశోధన సంస్థ నిర్మించిన రేడియో దూరదర్శిని గలదు. ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసముగల 30 పళ్లెరములు సుమారు 25 కిలోమీటర్ల మేర పరచుకొని యున్నవి. గట్టి రేకులకు బదులు తీగెలకు సన్నని లోహపు వలను బిగించి తక్కువ ఖర్చుతో గట్టిన ఆ పళ్లెరములు పొలముల నడుమ ద్రాక్షతోటల ప్రక్కన నిలిచియున్నవి. ఈ యంత్రము పనిచేయు తీరును పైన జెప్పిన గుణకారమే: 30 పళ్లెరములకు 435 జంటలు. పల్సారు స్పందము మనకడకు వచ్చు త్రోవలో నక్షత్రముల నడుమనున్న ఎలక్ట్రానులు దానిని ఆలస్యము చేయును. తక్కువ పౌనఃపున్యపు తరంగమునకు ఆలస్యము హెచ్చు, సగము పౌనఃపున్యమునకు నాలుగింతలు. ఆ ఎలక్ట్రానుల మేఘములు కదలుచుండుటచేత ఆలస్యము నేటికొకతీరు, వచ్చే యేటికొకతీరు. దీనిని తీసివేయనిచో గురుత్వ తరంగమని భ్రమ గలుగును. ఖోడద్ పళ్లెరములు 300-500 మెగాహెర్జుల చోటను, 1260-1460 మెగాహెర్జుల చోటను ఒకేసారి వినగలవు గనుక సాక్షి నడచివచ్చిన త్రోవ యెట్లున్నదో చెప్పగలవు. మనవారు 14 పల్సారులను 3½ ఏండ్లు గమనించిన కొలతలను 2022లో ప్రకటించి యూరపువారి కొలతలతో జేర్చిరి. ఈ కూటమిలో సంగారెడ్డి జిల్లా కందియందలి హైదరాబాదు ఐ.ఐ.టి. వారును పాల్గొనిరి. 25 ఏండ్ల కొలతలముందు 3½ ఏండ్లు చిన్నవే. చిన్నవని యొప్పుకొనుటలో లోపము లేదు. అవి మనము స్వయముగ గొలిచినవి.

మన సభలలో వేరొక బాణి వినబడుచున్నది. విదేశములందు ఏ క్రొత్త తరంగము కనబడినను మన ఋషుల కది ముందే తెలియునని చెప్పు ఉపన్యాసకులకు కరతాళధ్వనులు దండిగ లభించును. మాకు సంస్కృత విద్యయందు గల యభిమానము ఎవరికిని తీసిపోదు. కావుననే ఈ ధోరణి మాకు బాధగ నుండును. ప్రమాణమును గూర్చి అంత సూక్ష్మముగ విచారించినవారి పేర, ప్రమాణమేలేని మాట లాడవచ్చునా?

పత్రికలవారమైన మేమును నిర్దోషులము కాము. 2014 మార్చి 17వ తేదీని, దక్షిణ ధ్రువమున నెలకొల్పిన బైసెప్ అను దూరదర్శినితో పనిచేయు అమెరికా శాస్త్రజ్ఞులు, సృష్ట్యాదినాటి గురుత్వ తరంగముల ముద్రను ఆకాశపు ప్రాచీన కాంతియందు చూచితిమని ప్రకటించిరి. లోకమంతయు పొంగిపోయెను, మేమును ఆ యుత్సాహమున పెద్ద మాటలు వ్రాసితిమి. వారు చూచినది 150 గిగాహెర్జుల ఒక్క పౌనఃపున్యమున మాత్రమే. యూరపువారి ప్లాంక్ ఉపగ్రహమునకు 353 గిగాహెర్జుల పటముండెను. ఆ పౌనఃపున్యమున మన గెలాక్సీలోని ధూళియే ప్రకాశించును. ఉభయులును గలిసి రెండు పటములను చుక్కకు చుక్కగ గుణించి చూడగా 2015 ప్రారంభమున సంగతి తేలినది. రెంటికిని పొత్తు బలముగనే యున్నది. కాని ఆ పొత్తు ధూళిది. ధూళి భాగమును తీసివేయగా సృష్ట్యాదినాటిదని రూఢిగ చెప్పుటకు ఏమియు మిగులలేదు. రెండవ సాక్షి మొదటి సాక్షిని బలపరచుటకు మాత్రమే రాడు. ఆ యాస్తి వేరొకనిదని చెప్పుటకును రాగలడు. మొదటి వార్తకు మొదటి పుటలో చోటిచ్చిన పత్రికలలో ఈ సవరణకు అంతచోటిచ్చినవి మిక్కిలి యరుదు. మేము లోపలిపుటలో ఆరు పంక్తులు వేసితిమి.

ధనవ్యయమును గూర్చి యొక మాట. పొలములకు నీరు లేదు, ఆసుపత్రులకు మందులు లేవు, ఆకాశమున కింత సొమ్మేల యని యడుగువారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. 2016 ఫిబ్రవరి 17వ తేదీని కేంద్ర మంత్రివర్గము సూత్రప్రాయముగ నంగీకరించిన లైగో-ఇండియా అను గురుత్వ తరంగ పరిశోధనాలయమునకు 2023 ఏప్రిలులో 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. అది మహారాష్ట్రమున హింగోలీ జిల్లాలో, ఒకప్పటి నైజాము రాష్ట్రపు పర్భణీ జిల్లాలోనిదైన ఔంఢా నాగనాథ క్షేత్రము చెంత నిర్మింపవలసినది. మా యభిప్రాయమున తప్పు సొమ్ము వ్యయమగుటలో లేదు, అంగీకారమునకును మంజూరునకును నడుమ ఏడేండ్లు జరుగుటలో నున్నది. 2015 సెప్టెంబరు 14వ తేదీని మొదటి గురుత్వ తరంగము అమెరికాలోని లూసియానా యంత్రమును తాకి, 7 మిల్లీసెకండులకు 3,000 కిలోమీటర్ల దూరపు హాన్‌ఫర్డు యంత్రమును తాకినది. రెండవ యంత్రమే లేనియెడల ఆ దినమున ఎవరును నోరెత్తలేకపోయెడివారు. 2017 ఆగస్టు 17వ తేదీని వేరొక తరంగము వచ్చినపుడు ఇటలీలోని మూడవ యంత్రము దాదాపు మౌనముగ నుండెను. తరంగము దానికి గ్రుడ్డి దిక్కుననుండి వచ్చినదని ఆ మౌనమే చెప్పినది. దానినిబట్టి దూరదర్శినులు కొద్దిపాటి ఆకాశభాగమును గాలించి, ఢీకొనిన నక్షత్రముల వెలుగును ఆ దినముననే కనుగొన్నవి. ఉత్తర అమెరికాకును యూరపునకును మిక్కిలి దూరముననున్న సాక్షి యొకడు ఔంఢాయందు కూర్చుండినచో వెదకవలసిన ఆకాశము ఇంకను కుదించుకొనును. ఇది మన గౌరవార్థము ఇతరులు మనకిచ్చు పీట గాదు. మనము లేనిదే పూర్తిగాని లెక్క.

ఔంఢా నిర్మాణము 2030 నాటికి ముగియవలెనని మంజూరునాటి సంకల్పము. పల్సారుల తరంగములకు అట్టి గడువును విధించు శక్తి యే మంత్రివర్గమునకును లేదు. అందు ఒక్కొక్క అల దాటుటకు పదేండ్లు పట్టవచ్చును; 15 ఏండ్ల కొలతలలో అట్టి అల ఒకటిన్నర మాత్రమే చిక్కినది. ఖోడద్ పళ్లెరములను కొన్ని దినముల కొకసారి ఆ పల్సారులవైపు త్రిప్పి, స్పందములు వచ్చిన వేళను గుర్తించి, మరల వేరు పనికి త్రిప్పుచుందురు. 67 పల్సారుల పట్టికకు క్రొత్తది యొక్కటి చేరినచో ఒక్కసారిగ 67 జంటలు పెరుగును.